పసుపు రాసిన రాయి

పోయిన బుధవారం పొద్దున్న మా తమ్ముడి కొడుకు అమీర్‌పేటలోని మా ఫ్లాటుకు వచ్చి, భోజనాల బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టి, అందులోంచి పాత ఫొటో ఒకటి తీసి నా ముందుకు జరిపాడు. మా తాత, ఆయన పక్కన ఎడ్ల జత, వాటి వెనకగా నేలలోంచి మోకాలెత్తున లేచిన ఒక రాయి. నలుపు తెలుపు ఫొటోలో పసుపు కనిపించదు గానీ బొట్లు మాత్రం కనిపిస్తున్నాయి. కింద అచ్చులో, ‘మన పొలాలను కాపాడిన గ్రామదేవత’ అని ఉంది. యాభై ఏళ్లకు పైగా ఆ రాయిని నేను మళ్లీ చూస్తాననుకోలేదు. చూడకుండానే పోతానని, నిజం చెప్పాలంటే, కాస్త ధైర్యంగా ఉన్నాను.

మాది క్యాంపు. ఈ మాట నా వయసు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. నిజాం సాగర్ కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో తెనాలి వైపు నుంచి బండ్లు కట్టుకుని, విత్తనాల వడ్లు మూటగట్టుకుని, నిజామాబాదు జిల్లాకు వచ్చి, కాలువ వెంట ఇళ్లు వేసుకున్న రైతుల ఊళ్లను క్యాంపులనే అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. మా తాత ఆ మొదటి బండ్లలో వచ్చినవాడు. ఆ వచ్చినవాళ్ల చరిత్రను మా మేనల్లుడు ఇప్పుడు పుస్తకంగా వేస్తున్నాడు. ఇక్కడే ఒక ఫంక్షన్ హాల్లో ఆవిష్కరణ, క్యాంపు సంతానమంతా వస్తారట. ముందుమాట నన్ను రాయమంటాడు. అతను రాసుకొచ్చిన మొదటి పేజీలో ఒక వాక్యం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి: ‘మన పెద్దలు అడుగుపెట్టేనాటికి అక్కడ మనిషి జాడ లేదు.’

“ఈ మాట నువ్వు ముందుమాటలో కూడా అనాలత్తా, గట్టిగా అనాలి. ఊళ్లోవాళ్లెవరో అర్జీ పెట్టారు, ముత్తాతయ్య పొలంలో ఒక చెక్క తమదేనని, అక్కడ తమ ఇల్లుండేదని. వచ్చే వారం విచారణ. నక్కలు తిరిగే చోట ఇల్లేంటి? నువ్వు దేవుణ్ణే నమ్మనిదానివి, నువ్వు రాస్తే అబద్ధమని ఎవడూ అనడు.”

ఆదివారం వచ్చి ముందుమాట తీసుకెళతానన్నాడు. అతను వెళ్లాక ఆ ఫొటోను బోర్లా పెట్టాను. మళ్లీ తిప్పాను.

నా చిన్నప్పుడు ఆ రాయి దగ్గరకు మమ్మల్ని వెళ్లనిచ్చేవాళ్లు కాదు. మా పొలంలో ఇంటికి కనుచూపు దూరంలో ఉండేది. ఏటా తొలకరికి ముందు మా నాయనమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మొదటి ముద్ద ఆకులో పెట్టి వచ్చేది. నాగలి దాని చుట్టూ తిరిగి వెళ్లేది గానీ తగిలేది కాదు. ఇంకెవరి మాటా వినని మా తాత ఆ ఒక్క విషయంలో నాయనమ్మ మాట జవదాటలేదు. నాగలి అక్కడికి వచ్చేసరికి ఎడ్లను అదిలించడం కూడా మానేసి, తల అటు తిప్పుకుని వెళ్లేవాడు. దేవతంటే భక్తి అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే భక్తి గల మనిషి తల తిప్పుకోడు కదా అనిపిస్తుంది.

ఇంకొకటి. రోహిణి కార్తె ఎండల్లో, ఏటా ఒక రోజు, కాలువ అవతల నుంచి ఒక ముసలామె వచ్చేది. రంగు వెలిసిన నీలం చీర, కాళ్లకు వెండి కడియాలు. ఎవరినీ పలకరించేది కాదు. నేరుగా ఆ రాయి దగ్గరకు వచ్చి పక్కన కూర్చునేది, దాని మీద చెయ్యి వేసుకుని. అలా కూర్చుని మా ఇంటి వైపు చూసేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు, చూసేది. మా నాయనమ్మ పిల్లలందరినీ లోపలికి తోలి గడియ పెట్టి, తానొక్కతే చెంబెడు మజ్జిగ తీసుకెళ్లి గట్టు మీద పెట్టి, దూరంగా నిలబడేది. ముసలామె తాగేది. చెంబు బోర్లించి వెళ్లిపోయేది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు. మేము తలుపు సందులోంచి చూసేవాళ్లం. ఆమె వచ్చి వెళ్లాక రెండు మూడు రోజులు మా ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడుకునేవాళ్లు కాదు.

నేను డిగ్రీ చదవడానికి హైదరాబాదు వచ్చి అమీర్‌పేటలో మా మేనత్త ఇంట్లో దిగాను. పెంకుటిల్లు, పెరట్లో రెండు సీతాఫలం చెట్లు, బేగంపేటలో విమానం దిగుతుంటే వంటింటి అరలో గిన్నెలు గలగలమనేవి. పంజాగుట్టలో అప్పుడు ఫ్లైఓవరూ లేదు, ఈ దుకాణాలూ లేవు. ఒక మేడ మీది గదిలో ఆదివారం ఆదివారం చర్చాగోష్ఠి జరిగేది. పంతులుగా పనిచేసి మానేసిన ఒక పెద్దాయన నడిపేవాడు. దయ్యాలు, శకునాలు, చేతబడి, బాబాల విభూతి, ఏదైనా సరే నిలబెట్టి ప్రశ్నించమనేవాడు. ఆడపిల్లలం ఇద్దరమే ఉండేవాళ్లం. నాకు నోరు వచ్చింది అక్కడే. నిప్పు కణికలా ఉండేదాన్ని ఆ రోజుల్లో.

రెండో ఏడు వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లేసరికి క్యాంపు గాలి మారి ఉంది. ఆ సంవత్సరం మూడు ఇళ్లలో వరసగా దూడలు చచ్చాయి, ఒక చంటిపిల్ల పోయింది. రచ్చకట్ట మీద మగవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. కాలువ అవతలి ముసలిది ఆ రాయిని అడ్డం పెట్టుకుని చేతబడి చేస్తోందని, ఈసారి వస్తే పట్టుకుని పళ్లు రాలగొట్టాలని. ఊరికే అన్న మాట కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అలా పళ్లు ఊడగొట్టించుకున్న ఆడవాళ్లను నేను కళ్లారా చూశాను. ఒకాయన రాయి పక్కన కర్ర పాతి గుర్తు కూడా పెట్టాడు. రోహిణి ఇంకా పది రోజులుంది.

ఆ రాయిలో ఏమీ లేదని నలుగురి ముందు చూపిస్తే ఆ మనిషిని ముట్టుకునేవాడుండడు అనుకున్నాను. ఇప్పటికీ ఆ ఆలోచనలో తప్పు వెతకలేను. మర్నాడు పొద్దున్నే గునపం తీసుకుని పొలానికి నడిచాను. వద్దని నాయనమ్మ గట్టు దాకా నా వెంట పడింది.

“ఒసే, నీకు దండం పెడతానే, దాని జోలికి పోబాకే. దాన్నట్లా ఉండనీ.”

నేను వినలేదు. ఆమె భయం చూసేకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. క్యాంపు మగవాళ్లంతా దూరంగా నిలబడి చూస్తుండగా చుట్టూ తవ్వాను. ఇద్దరు జీతగాళ్లు చివరకు చెయ్యి కలిపారు. రాయి ఒక పక్కకు ఒరిగి దొర్లి, వెల్లకిలా పడింది.

రోలు. నడుమ చెయ్యి పట్టేంత గుంట, ఏళ్ల తరబడి రోకటి పోటుకు అద్దంలా నునుపెక్కిన గుంట. ఎవరో దాన్ని తలకిందులుగా పాతి, పైకి తేలిన అడుగు భాగానికి పసుపు రాశారు, అంతే. నేను ఎంత నవ్వానో! “మీరు మొక్కింది రోలుకి! ముసలమ్మ చేతబడి చేసింది రోలుతో!” అని అందరినీ పిలిచి గుంటలో చెయ్యి పెట్టించాను. మగవాళ్లు సిగ్గుపడి నవ్వి, కర్ర పీకేసి వెళ్లిపోయారు. అందరికంటే ముందు నా వాదానికి తల ఊపినవాడు మా తాత. పంచాంగం చూడనిదే గడప దాటని మనిషి ఒక్క పూటలో హేతువాది అయిపోయాడు. “చదువుకున్న పిల్ల చెప్పింది, ఇంకా దేవతేంటి?” అని సాయంత్రానికల్లా సమ్మెటతో ఆ రోలును నాలుగు ముక్కలు చేయించి, బండికెత్తించి, కాలువ గండిలో వేయించాడు. మర్నాడు తానే నాగలి పట్టి ఆ చోటును దున్నేశాడు, ఈసారి తల తిప్పుకోకుండా. ఆ తొందర చూసైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. గెలిచిన మత్తులో ఉన్నాను.

పదో రోజున ముసలామె వచ్చింది. నాయనమ్మ గడియ పెట్టలేదు, పెట్టే ఓపిక లేనట్టు గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వాకిట్లో నిలబడ్డాను, ఆమెను కాపాడానన్న సంతోషంతో. ఆమె రాయి ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది. అటు నాలుగడుగులు వేసింది, ఇటు నాలుగడుగులు వేసింది. పొలమంతా ఒకేలా దున్ని ఉంది. కాలువ వైపు చూసి, మా ఇంటి వైపు చూసి, దూరం కొలుచుకుంటున్నట్టు మళ్లీ నడిచింది. నేను ఎదురు వెళ్లాను. అప్పుడు మొదటిసారి ఆమె గొంతు విన్నాను.

“బిడ్డా, గీడ రాయుండె. ఏమాయె?”

చర్చాగోష్ఠిలో మాట్లాడినట్టే, నిదానంగా, వివరంగా చెప్పాను. అది దేవత కాదని, ఉత్త రోలని, ఇక భయపడక్కర్లేదని.

“దేవతని ఎవలన్నరు బిడ్డా? మా రోలే గదా అది. మా అత్త దంచిన రోలు. గాడ మా పొయ్యి ఉండె, గీ పక్క నా పెద్దకొడుకు పుట్టిండు. యాడున్నదో జర జూపియ్యి.”

చూపించలేకపోయాను. పది రోజుల కిందట నా చేత్తో తవ్విన చోటు, నాకే తెలియలేదు. సాళ్ల మధ్య ఆమె వెనకే నేనూ నడిచాను. ఎండ తిరిగేదాకా ఆమె అలా వెతికింది. తర్వాత మజ్జిగ ముట్టకుండా కాలువ దాటి వెళ్లింది. మళ్లీ రాలేదు.

నాయనమ్మ ఆ సాయంత్రం బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. తాను కొత్త కోడలిగా ఆ పొలంలో బండి దిగేసరికి అక్కడొక గుడిసె కూలి ఉందట. దొర మనుషులు ముందురోజే ఆ ఇంటివాళ్లను వెళ్లగొట్టి, తర్వాత మా తాతకు కాగితం రాసిచ్చారట. “మీ తాత కాగితం నిజమేనే. కానీ నేను పొయ్యిలో చెయ్యి పెట్టి చూశా. బూడిద ఇంకా వెచ్చగానే ఉంది.” గుడిసె కర్రలు తాత తగలబెట్టించాడు. రోలునూ పగలగొట్టించబోతే, నాయనమ్మ దాన్ని బోర్లించి, పసుపు రాసి, దేవత కలలో కనిపించిందని చెప్పింది. “దేవతంటేనే ఆగాడు. రోలంటే ఆగేవాడా?”

చేట కింద పెట్టి అప్పుడు నా వైపు చూసింది. “అది రోలని నాకు తెలియదనుకున్నావుటే?”

సెలవులయ్యాక అమీర్‌పేట వచ్చి, గోష్ఠిలో ‘రోలు దేవతైన వైనం’ అని వ్యాసం చదివాను. గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. నా మొదటి వ్యాసం అదే. అందులో తవ్వడం ఉంది, నవ్వడం ఉంది. ముసలామె లేదు, వెచ్చటి బూడిద లేదు. తర్వాత ఈ యాభై ఏళ్లలో ఎన్ని వందల పేజీలు రాశానో, ఎంతమందిని నిలబెట్టి ప్రశ్నించానో మీకు తెలుసు. ఈ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఆమె పేరు అడగలేదని ఒప్పుకోవలసి వస్తుందని రాయలేదు.

మొన్న బోరబండ నుంచి మా ఇంట్లో పనికి వచ్చే ఆమె బల్ల తుడుస్తూ ఆ ఫొటో చూసింది. తుడిచే గుడ్డ ఆపి వంగి చూసి, “గిదేందమ్మా, రోలును బోర్లేసిర్రు?” అంది. నేను ఏదో అనేలోపే, “ఎవలింటిది?” అని అడిగింది.

ఐదు అక్షరాల ప్రశ్న. పంతొమ్మిదేళ్ల వయసులో, చదువుకుని, గునపం చేతిలో ఉండి, నాకు తట్టని ప్రశ్న. ఇది దేవతా కాదా అనే నేను అడిగాను. కాదని తేలగానే అడగవలసినవన్నీ అయిపోయాయనుకున్నాను.

ఫోనులు వస్తున్నాయి. ఆ మాట రాయలేనని మొన్ననే మేనల్లుడికి చెప్పాను, అప్పట్నుంచి వాళ్ల చేత వీళ్ల చేత చేయిస్తున్నాడు. నిన్న తనే చేసి, “వయసులో పెద్దదానివి, నీతో గొడవ పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదత్తా. కానీ క్యాంపువాళ్లు ఊరుకోరు, తర్వాత చెప్పలేదనొద్దు,” అని పెట్టేశాడు. గొంతు మెత్తగానే ఉంది. మా తాత గొంతు కూడా సమ్మెట తెమ్మన్నప్పుడు అలాగే మెత్తగా ఉంది.

నిన్న సాయంత్రం మందులకని దిగి, ఎందుకో మా మేనత్త ఇల్లున్న సందు వెతుక్కుంటూ వెళ్లాను. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్లు, మెట్రో స్తంభాలు. సీతాఫలం చెట్లు ఏ స్తంభం కింద ఉండేవో అంచనా కట్టబోయి, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, ఉన్నట్టుండి ఆగిపోయాను. వెనక ఎవరో కుర్రవాడు, “జర పక్కకు జరగమ్మా,” అన్నాడు. జరిగాను. మా మేనత్త ఆ ఇంటిని ఇష్టపడే అమ్ముకుంది, ఎవరూ వెళ్లగొట్టలేదు. అయినా కాళ్ల కింద చోటు దొరకకపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

జనంలో భయం పోవాలని జీవితమంతా రాశాను. చాలావరకు పోయింది. ఇప్పుడు ఏ రాయికీ ఎవరూ భయపడరు, ఏ చోటైనా ఒక్క పూటలో చదును చేస్తారు. భయం పోయిన చోట ఎవరిదని అడగడం మొలుస్తుందనుకున్నాను. మా నాయనమ్మ భయం ఒక రోలును నలభై ఏళ్లు నిలబెట్టింది. నా ధైర్యం దాన్ని పది రోజులైనా నిలపలేదు. ఇది రాయడానికి నా చెయ్యి ఒప్పుకోవడం లేదు గానీ రాస్తున్నాను.

మేనల్లుడి కాగితాల్లో ‘మనిషి జాడ లేదు’ అన్న వాక్యం కొట్టేశాను. విచారణ రోజున నేనే వెళ్లి చెబుతాను. రోలు ముక్కలు కాలువ గండిలో ఉన్నాయని, బూడిద వెచ్చగా ఉందని. ఫొటో కింద ‘గ్రామదేవత’ కొట్టేసి, ‘బోర్లించిన రోలు. ఇక్కడ ఒక ఇల్లుండేది’ అని రాశాను. ఎవరి ఇల్లో రాయడానికి కొంచెం చోటు వదిలాను. అర్జీ పెట్టినవాళ్లు ఆమె మనవలే అయితే, ముందుగా ఆమె పేరు అడగాలి.

రేపు ఆదివారం. తలుపు గడియ పెట్టదలుచుకోలేదు.