తారీఖుల చారి సార్

బ్రహ్మచారి సార్ పొద్దున్నే లేచి ముందు దేవుడికి దండం పెట్టుకుంటారు, ఆ తరువాత తారీఖుకు పెట్టుకుంటారు. దేవుడి దండం అర నిమిషంలో అయిపోతుంది. తారీఖుదే ఆలస్యం. ఆ రోజున లోకంలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఏ రాజు ఏ కోట పట్టాడో, ఏ ఓడ ఏ సముద్రంలో మునిగిందో అన్నీ ఒకసారి తలుచుకుని, సుద్దముక్క చేతపట్టుకుని, బన్సీలాల్‌పేట్ మెట్లబావి దారిలో ఉన్న సుకన్య కర్రీ పాయింట్‌కు బయలుదేరుతారు.

సుకన్య షాపు గోడకు ఒక నల్లబల్ల వేలాడుతూ ఉంటుంది. సార్ ముప్ఫై అయిదేళ్ళు గుమాస్తాగా పనిచేసిన బడిలో పాత సామాను పారేస్తుంటే బతిమాలి తెచ్చుకున్నది. ఆరున్నరకు సుకన్య ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టే వేళకు, సార్ ఆ బల్ల మీద ఆనాటి సంగతులు అయిదారింటిని గుండ్రటి అక్షరాలతో రాసేస్తారు. రాసి ఊరుకోరు. నాలుగడుగులు వెనక్కి వేసి, నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళకు కూడా వినపడేలా గట్టిగా చదువుతారు. రాసింది కనబడుతూనే ఉంది కదా, మళ్ళీ ఈ కేక దేనికని సుకన్యకు పదేళ్ళుగా సందేహం. కేక విని జనం నిలబడతారు, నోరు తెరుస్తారు, వెళ్ళిపోతారు. కూర మాత్రం ఎవరూ కొనరు. ఆ వేళకు కూర ఉంటే కదా.

సార్‌కు శుభలేఖ ఇవ్వడమంటే ఆ పేటలో అందరికీ గుండె దడ. వెనక వీధి విజయేందర్ పెండ్లి కార్డు తెస్తే సార్ దాన్ని కళ్ళకద్దుకుని, ఏప్రిల్ పద్నాలుగా, టైటానిక్ ఓడ మంచుకొండకు గుద్దుకున్నది ఆ రాత్రే గదా అన్నారు. ఆ మాట వియ్యాలవారి దాకా పోయింది. ముహూర్తం మార్చాల్సిందేనని వాళ్ళు పట్టుబట్టారు. సార్ స్వయంగా బస్సెక్కి వెళ్ళి, అంబేడ్కర్ గారు పుట్టిన రోజు కూడా అదేనని, పుట్టినవాళ్ళ బలం ముందు మునిగిన ఓడ ఎంతని నచ్చజెప్పి వచ్చారు. పెండ్లి ఆ రోజే జరిగింది. కాకపోతే ఎందుకైనా మంచిదని విందులో ఐస్‌క్రీం తీసేశారు.

ఆగస్టు ఇరవైన సార్‌ను ఆపడం ఎవరి తరమూ కాదు. మలేరియా గుట్టు దోమ కడుపులో బయటపడింది 1897లో ఆ తారీఖున, మన సికింద్రాబాద్‌లోనే. ఒక ఏడాది సరిగ్గా ఆనాడే పొగ మిషన్ భుజాన వేసుకుని వచ్చిన మున్సిపాలిటీ మనిషిని ఆపి, దోమ మనకు తెచ్చిన పేరు ఎంతటిదో అరగంట చెప్పారు. అతడు ఓపిగ్గా అంతా విని, నమస్కారం పెట్టి, పొగ కొట్టుకుంటూ పోయాడు.

ఇంట్లో భార్య కల్పలతమ్మ గారికి మాత్రం ఈ తారీఖుల మీద అంత గౌరవం లేదు. మన పెండ్లి రోజునే మొదటి పానిపట్టు యుద్ధం జరిగిందని సార్ ఒకసారి గొప్పగా చెబితే, ఆమె చాట దించకుండానే అడిగింది.

"అది ఒక్క పూటల అయిపోయిందట గదా?"

చావు ఇంటికి వెళ్ళినా సార్ అంతే. జనవరి ముప్ఫైన నాంచారమ్మ భర్త పోయాడు. ఓదార్చడానికి వెళ్ళిన సార్, గాంధీ గారు పోయిన తారీఖమ్మా ఇది అన్నారు. చుట్టుపక్కల వాళ్ళు పళ్ళు కొరుక్కున్నారు. నాంచారమ్మ మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుని, నిజమేనా సారూ అని రెండుసార్లు అడిగి తెలుసుకుంది. ఏటా ఆనాడు పదకొండింటికి సైరన్ మోగుతుంది. తన పెనిమిటి కోసం కూడా మోగుతున్నట్టు ఆమె ఇప్పటికీ లేచి నిలబడుతుంది.

పైకి విసుక్కున్నా, ఆ బోర్డంటే సుకన్యకు లోలోపల ఆశ్చర్యం తీరేది కాదు. ఒక జూలై ఇరవైన బీరకాయలు చెక్కుతూ ఉండగా, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది ఈ రోజేనని సార్ చదివారు. సుకన్య కత్తిపీట మీద ఆనించిన తన కాలి వైపు చాలాసేపు చూసుకుంది. పసుపు మరకలతో, పగిలిన మడమతో అదీ కాలే. దేవుడు ఏ రోజునూ ఉత్త చేతులతో పంపడు కాబోలు అనుకుని, మళ్ళీ బీరకాయ అందుకుంది.

అయితే ఆ నల్లబల్ల మీద ఆమెకు ఒక బాధ కూడా ఉండేది. అందరికీ ఒక రోజుంది, తనకే లేదు. బడి సర్టిఫికెట్‌లో జూన్ ఒకటి అని ఉంది, నిజమే. కానీ ఆమె క్లాసులో సగం మందికి జూన్ ఒకటే. తల్లిదండ్రులకు తెలియదంటే బడివాళ్ళు రాసే తారీఖది. కూతురు వసుధ ఏటా ఆనాడు కేకు తెస్తానంటుంది. అది బడి పుట్టినరోజు, నాది కాదని సుకన్య వద్దంటుంది. అక్కలు ముగ్గురి పుట్టుక గురించీ తల్లి దేవమ్మ కథలు కథలుగా చెబుతుంది. ఒకతె బతుకమ్మ నాడు, ఒకతె నాట్ల రోజున, ఒకతె పెద్దవానలో. సుకన్య సంగతి అడిగితే మాత్రం "యాదికి లేదే" అంటుంది. నాలుగోసారీ ఆడపిల్లేనా అని ఎవరూ ఆ రోజు మొహమైనా చూసి ఉండరని సుకన్య తీర్మానించుకుంది. మొన్న దసరా తరువాత దేవమ్మ ఏ.ఎస్. రావు నగర్‌లోని పెద్దకూతురి ఇంటి నుంచి ఇక్కడికి వచ్చింది. ఎనభై దాటింది, వసుధను పట్టుకుని సుకన్యా అని పిలుస్తోంది. ఇక ఆ కాస్త జ్ఞాపకం కూడా పోతే, అడగడానికి లోకంలో ఎవరూ మిగలరు.

ఈ ఫిబ్రవరి పదహారున సార్ బోర్డు మీద ఒక నల్లటి సున్నా గీశారు. చుట్టూ సుద్దతో వెలుగు దిద్దారు. వెనక్కి నాలుగడుగులు వేసి చదివారు. 1980లో ఇదే రోజున సంపూర్ణ సూర్యగ్రహణం. నల్లగొండ దిక్కున పట్టపగలు చిమ్మచీకటి. నక్షత్రాలు కనబడ్డాయి, పక్షులు గూళ్ళకు చేరాయి.

షాపులో మూలన పీట మీద కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్న దేవమ్మ తల ఎత్తింది.

"పక్షులే గాదు సారూ, మా కోళ్ళు సుత గంప కిందికి పోయినయి."

సార్ గిరుక్కున తిరిగారు. ఆయన బోర్డులో తప్పు పట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. "మీరు చూసిన్రా అమ్మా?" అన్నారు.

"నేనేడ చూస్త? లోపల బిడ్డను కంటున్న. కోళ్ళ ముచ్చట మంత్రసాని చెప్పింది."

సుకన్య చేతిలో ఉల్లిగడ్డ అలాగే ఉండిపోయింది. "ఏ బిడ్డనే అమ్మా?"

దేవమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మళ్ళీ తనే తీసేసింది. ఇంకా ఎవరికి భయపడి దాచాలి అనుకుందో ఏమో, "ఇంకెవల్ని, నిన్నే" అంది.

ఆ తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. శివరాత్రి పోయాక వచ్చిన అమావాస్య అది. గ్రహణమని నల్లగొండ దిక్కున ఉన్న వాళ్ళ ఊరంతా తలుపులు బిడాయించుకుంది. నొప్పులు పడుతున్న దేవమ్మకు కిటికీ సందులోంచి వెలుగు తగ్గిపోవడం తెలుస్తోంది. చీకటి పడింది, మంత్రసాని దీపం వెతుక్కుంటోంది. అది వెలిగేలోపే మళ్ళీ తెల్లవారినట్టు వెలుగు వచ్చింది, ఆ వెలుగుతోపాటు బిడ్డ ఏడుపూ వచ్చింది. లోకానికి ఒకే రోజు రెండు పొద్దుపొడుపులు ఉంటాయా అని ఆమె ఆశ్చర్యపోయిందట. అంతలోనే భయం పట్టుకుంది. గ్రహణం పిల్ల అంటారు, రేపు పెండ్లి కాదు, ఇంట్లో కుండ పగిలినా దీని మీదే తోస్తారు. మంత్రసాని చేత ఒట్టు వేయించుకుంది. బిడ్డ పుట్టిందని మూడో రోజున గాని బయటికి చెప్పలేదు. పనుల కోసం పొరుగూళ్ళో ఉండిపోయిన మొగుడికి కూడా అదే చెప్పింది. పట్నం వచ్చాక ఇక్కడి బడిలో అడిగితే యాదికి లేదంది. అడిగిన ప్రతిసారీ అదే అంది.

"అందరికి మరిచినట్టు చెప్పిన గని, నేను మరుస్తనా?"

సుకన్యకు అప్పుడు తట్టింది. ఏటా శివరాత్రి పోయాక వచ్చే అమావాస్య నాడు తల్లి పరమాన్నం వండేది. అమావాస్య పూట ఇదేందని అక్కలు అంటే కసిరి, మొదటి ముద్ద తెచ్చి సుకన్య నోట్లోనే పెట్టేది. పెండ్లయ్యాక కూడా డబ్బాలో పోసి పంపేది. నలభై ఏళ్ళకు పైగా ఆమె పుట్టినరోజు జరుగుతూనే ఉంది, ఆమెకే తెలియదు.

సార్ చేతిసంచిలోంచి లావుపాటి నోట్‌బుక్ తీశారు. తారీఖుకు ఒక పేజీ. ఆ బుక్కు ఉందని అందరికీ తెలుసు గాని, చూసినవాళ్ళు లేరు. జూన్ ఒకటి పేజీ తెరిస్తే అందులో రాజులూ లేరు, ఓడలూ లేవు. వరుసగా నూట పద్దెనిమిది పేర్లు ఉన్నాయి, అన్నీ బన్సీలాల్‌పేట్ పేర్లే. సగానికి పైగా కొట్టేసి ఉన్నాయి.

"ఇవన్నీ నేను రాసినయే బిడ్డా" అన్నారు సార్. "అడ్మిషన్లప్పుడు లైన్ల ముప్ఫై మంది అమ్మలు నిలబడుతుండె. తెల్వదనంగనే జూన్ ఒకటి అని గీకి, నెక్స్ట్ అంటుంటి. ఒక్క నిమిషం కూసోబెట్టి అడగలె."

రిటైరయ్యాక తిరుమల్ అనే పాత విద్యార్థి వచ్చి, నేను నిజంగా ఎప్పుడు పుట్టాను సార్ అని అడిగాడట. అమ్మలకు తారీఖులు గుర్తుండవు, ఆనాడు ఏం జరిగిందో మాత్రం గుర్తుంటుంది. అందుకని లోకంలో ఏ రోజున ఏం జరిగిందో పోగుచెయ్యడం మొదలుపెట్టారు. చదువురాని అమ్మ ఏ ఒక్కతె అయినా దారిన పోతూ విని, ఆగి, ఆనాడే మా పిల్లవాడు అంటుందేమోనని గట్టిగా చదువుతూ వచ్చారు. ఇప్పటికి డెబ్బై ఒక్క మందికి వాళ్ళ రోజు వాళ్ళకు అప్పజెప్పారు. దేవమ్మ కోసం ఏ.ఎస్. రావు నగర్‌కు రెండుసార్లు వెళ్ళారు. ఆమె యాదికి లేదు సారూ అని మంచి చాయ్ పోసి పంపించింది.

ఆయన సుకన్య పేరు మీద గీత గీసి, ఫిబ్రవరి పదహారు పేజీలో గ్రహణం కింద రాసుకున్నారు. తరువాత నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సుద్ద వెలుగు చిమ్ముతున్న ఆ సున్నా కింద, మిగతా సంగతులంత పెద్ద అక్షరాలతోనే రాశారు: సుకన్య, దేవమ్మ నాలుగో బిడ్డ, చీకటి విడిచిన క్షణాన. నల్లా దగ్గరి ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చారు. సుకన్య కళ్ళు ఒత్తుకుని, తప్పు ఉల్లిగడ్డ మీదికి నెట్టేసి, పరమాన్నానికి బియ్యం ఎన్ని పొయ్యాలో తల్లిని అడిగింది.

సార్ ఇంకా కదల్లేదు. సుద్దముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డారు.

"ఏంది సార్?" అంది సుకన్య.

"తిరుమలగిరిల జుబేదమ్మ అని ఉన్నది. ఆమె కొడుకు జమాలుద్దీన్‌ది సుత నేను గీకిన జూన్ ఒకటే. మూడుసార్లు పోయిన. కాన్పు ముచ్చట మగోనికి చెప్తరా అని తలుపేసుకుంటది." సార్ మూలనున్న పీట వైపు చూశారు. దేవమ్మ అప్పటికే చెప్పుల కోసం కాలితో తడుముతోంది. "పరమాన్నం తిన్నంక, మీ అమ్మను జెర రెండు గంటలు నాతోటి పంపిస్తవా బిడ్డా?"