రంగం నుంచి వచ్చిన ఆడపడుచు

మా అత్తవారి సంబంధంలో మా అమ్మకు నచ్చింది ఒక్కటే, ఆ ఇంట్లో ఆడపిల్లలు లేరు. "ఆడపడుచు పోరు లేని ఇల్లమ్మా, నీ అంత అదృష్టవంతురాలు లేదు" అని ఏలూరులో నన్ను బండెక్కిస్తూ మూడుసార్లు చెప్పింది. ఆ అదృష్టం నాలుగేళ్ళు నిలిచింది. ఆ తరవాత నా చేతులారా, నా దస్తూరీతోనే, పోస్టుకార్డు మీద ఒక ఆడపడుచును తెచ్చిపెట్టుకున్నాను.

మా మామగారు కొల్లేటి పక్క పల్లెలో పురోహితులు. మడి విషయంలో ఆయన ఒక ఎత్తు, మా అత్తగారు రెండెత్తులు. ఆవిడ మడి కట్టుకుని వంటింట్లోంచి బయటికొస్తే గాలి కూడా పక్కకి తప్పుకుని వీచేది. మా ఆయన తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమస్తా, వారానికోసారి వచ్చేవారు. మామగారి కళ్ళకి పొరలు కమ్మడంతో ఆయన ఉత్తరాలు రాసే పని నా మీద పడింది. నేను మిషను బళ్ళో చదువుకున్నదాన్ని. ఆయన వీధిగదిలో కూర్చుని చెప్పేవారు, నేను తలుపు చాటున పీట వేసుకుని రాసేదాన్ని.

ఉత్తరాలన్నీ రంగం నుంచి. రంగూనుని మావాళ్ళు రంగం అనేవారు. ఆ ముప్ఫైలలో మా చుట్టుపక్కల ప్రతి పల్లె నుంచీ నలుగురైదుగురు అక్కడి ధాన్యం మిల్లుల్లోనో రేవులోనో పని చేసుకుంటూ ఉండేవారు. వాళ్ళంతా కలిసి ఒక రేకుల షెడ్డులో రాముడి పటం పెట్టుకుని శనివారం శనివారం భజన చేసుకునేవారు. పూజావిధానం మామగారే ఒక నోటుబుక్కులో రాసి పంపారు. అందుకని అక్కడ ఏ ధర్మసందేహం పుట్టినా ఆయన దగ్గరికే వచ్చేది.

మొట్టమొదటి సందేహమే మమ్మల్ని కుదిపేసింది. పూజకి ముందు సంకల్పంలో, ఫలానా చోట కూర్చుని చేస్తున్నాం స్వామీ అని దేవుడికి చెప్పుకుంటాం కదా. మామగారు అలవాటు కొద్దీ ఆ నోటుబుక్కులో "కృష్ణా గోదావరుల నడిమి దేశంలో" అనే రాసేశారు. వాళ్ళు ఐరావతీ నది ఒడ్డున కూర్చుని మూడేళ్ళపాటు భక్తిగా అదే చదివారు. ఎవరో కొత్తగా వచ్చినాయన పట్టుకున్నాడు. "అయ్యా, మా మూడేళ్ళ పూజలూ దేవుడికి అందినట్టా, లేనట్టా?" అని రాశారు.

మామగారికి రెండు రోజులు అన్నం సయించలేదు. అత్తగారు మాత్రం పెరట్లో గేదెకేసి చూసి, "అదండీ సంగతి. మూడేళ్ళ బట్టీ ఇది ఒట్టిపోకుండా పాలెందుకిస్తోందా అనుకుంటున్నాను. వాళ్ళ పుణ్యం చిరునామా తప్పి మనింటికొచ్చేసిందండీ" అన్నారు.

"మరి తిరిగి పంపించొద్దా అత్తయ్యా?" అన్నాను.

"అడిగితే చూద్దాంలే" అన్నారు.

రెండో తగువు బొట్టు గురించి. ఆ భజనలో అన్ని కులాలవాళ్ళూ ఉండేవారు. హార్మనీ వాయించేవాడు తాడేపల్లిగూడెం పక్క క్రైస్తవుడు, ఆదివారం చర్చిలోనూ అదే పెట్టె వాయించేవాడు. పటానికి బొట్టు ఎవరు పెట్టాలో తేలక భజన ఆగిపోయింది. మామగారు ఒక పూటంతా ఆలోచించి చెప్పారు.

"రాయమ్మా. పటానికి అద్దం ఉందా? ఉంటే ఎవరైనా బొట్టు పెట్టవచ్చు. అద్దాన్ని ముట్టుకుంటే దేవుణ్ణి ముట్టుకున్నట్టు కాదు. హార్మనీకి మడి లేదు."

శాస్త్రం చెక్కు చెదరలేదు, తగువూ తీరింది. ముచ్చటేసి, "విగ్రహమైతేనో మామయ్యగారూ?" అన్నాను. "చెప్పింది రాయమ్మా" అన్నారు. అంతకుముందు ఒకసారి తిథి తప్పు చెబితే నేను దిద్దానని ఆయనకి లోలోపల కోపం. నాకూ రోషం వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన చెప్పింది చెప్పినట్టు రాయడమే తప్ప నోరెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అక్కడే కొంప మునిగింది. కొల్లేట్లో చేపలు పట్టే ఇంటి పిల్లవాడొకడు అక్కడ బర్మా అమ్మాయిని చేసుకుంటానన్నాడు. భజనవాళ్ళకి అంతకన్నా కావలసింది లేదు. నవమికి సీతారాముల కళ్యాణం చేయిద్దామంటే పీటల మీద కూర్చోడానికి ఒక్క జంట లేదు, అందరి పెళ్ళాలూ ఇక్కడే ఉన్నారాయె. కానీ పిల్లకి గోత్రం లేదు, అమ్మా నాన్నా లేరు, కన్యాదానం చేసే దిక్కు లేదు. ఏం చెయ్యమంటారని రాశారు.

"రాయమ్మా. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం ఆచారం. ఆ గోత్రం వారెవరైనా కన్యాదాత కావచ్చు. మనిషి రాలేకపోతే ఆయన పేరు చెప్పి ఇంకొకరు ధార పొయ్యవచ్చు."

నా కలం ఆగిపోయింది. మా ఇంటి గోత్రమే కాశ్యపం. పెద్దాయన పరధ్యానంలో ఆ సంగతే మరిచిపోయారు. చెప్పబోయి, నా ఒట్టు గుర్తొచ్చి, మూతి బిగించి రాసేశాను.

నెలన్నరకి జవాబొచ్చింది. "పెళ్ళి దివ్యంగా జరిగిందండీ. మేమెరిగిన కాశ్యప గోత్రీకులు తమరొక్కరే కాబట్టి తమరి పేరే చెప్పి ధార పోశాం. తమరి అమ్మాయీ అల్లుడూ నమస్కారాలు చెప్పమన్నారు."

మామగారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

"ముందే చెప్పొచ్చుగదమ్మా?"

"చెప్పింది రాశానండి."

వంటింట్లోంచి అత్తగారు, "నేను కనకుండా నాకు కూతురెలా పుట్టిందండీ?" అన్నారు.

మరుసటి ఏడు ఒక ఉదయం మా వాకిట్లో బండి ఆగింది. అందులోంచి ఆ కొల్లేటి కుర్రాడి తల్లి దిగింది, ఆవిడ వెనకాల నిండు కడుపుతో, పువ్వుల లుంగీ కట్టుకుని, చేతిలో ఎర్రటి లక్కపెట్టెతో ఒక అమ్మాయి.

"అయ్యగారండీ, మీ అమ్మాయినండీ. మావోడు దింపేసి మళ్ళీ ఓడెక్కేశాడండీ. ఏడో నెలండీ. తొలి కానుపు పుట్టింట్లోనే కదండీ, అందుకని తీసుకొచ్చానండీ" అందావిడ. వేళాకోళం కాదు, మర్యాదగా, మామూలుగా అంది.

ఆ పిల్ల మామగారి ముందు వంగి, "నాన్నగారండీ" అంది. అండీ ఎక్కడ సాగదియ్యాలో కూడా నేర్చుకుంది. ఆయన కాదంటే ఆ పిల్లకి భూమ్మీద పుట్టిల్లనేది లేదు. లేని పుట్టింటిని ఉందని నమ్మించింది నా రోషం.

మామగారు చెయ్యి చాపారు. "నేను రాసిన కార్డుందా?" అన్నారు. ఆ పిల్ల లక్కపెట్టె తెరిచి ఇచ్చింది. నాలుగు మూలలా పసుపు రాసి దాచుకుంది. ఆయన కళ్ళ దగ్గర పెట్టుకుని, కనపడక, నాకిచ్చారు. నేను చదివాను.

"నేను చెప్పిందే. తప్పేం లేదు. లోపలికి రమ్మను" అన్నారు.

"లోపలికంటే ఎంత లోపలికండీ?" అని అత్తగారు. మళ్ళీ ఆవిడే కాసేపాలోచించి, "పురిటి పాక పెరట్లో ఉందిగా. అందులో సొంత పిల్లున్నా మైలే, ఎవరున్నా మైలే. ఇంకేం బాధ?" అన్నారు. మొగుడికి తగ్గ ఇల్లాలు.

ఆ రెండు నెలలూ నా తంటాలు చెప్పనలవి కాదు. తల దువ్వాలి, నీళ్ళు తోడాలి. రోజూ పెరటి దడి మీంచి ఆ పిల్ల అత్తగారు చేపల పులుసు అందిస్తుంటే మా అత్తగారు ముక్కు మూసుకుని అటు తిరిగి, "ఉప్పు సరిపోయిందేమో కనుక్కో" అని నన్ను పురమాయించేవారు. అన్నిటికన్నా మండింది వేరే. మా అత్తగారు "అమ్మాయ్" అని పిలిస్తే ఇద్దరం పలికేవాళ్ళం. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ పిలుపు నా ఒక్కదానిది. నాకు ఏడుపొచ్చేది, నిజం చెప్పాలంటే ఒకరోజు గేదె దగ్గర కూర్చుని ఏడ్చాను కూడా.

ఒక మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. మర్నాడు పొద్దున్నే గూడెం నుంచి మా ఆయన పనిచేసే మిల్లు మనిషి జట్కా తీసుకుని వచ్చాడు. కొత్త బాయిలరుకి పూజ, ముహూర్తం ఆ రోజే, మామగారే రావాలని షావుకారు పట్టు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. కూతురు పుట్టింట్లో ప్రసవిస్తే కన్నవాళ్ళకి మూడు రోజులు పురుడు, పూజలు చేయించకూడదు. పరాయి మనిషి ప్రసవిస్తే ఏ మైలా లేదు. ఆయన జట్కా ఎక్కితే ఆ పిల్ల మా పాకలో తలదాచుకున్న మనిషి, అంతే.

మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన వెనక గదిలో దేవుడి పెట్టె ముందురోజు మధ్యాహ్నమే, పిల్ల పుట్టగానే మూసేసి ఉంది. నేనది అప్పటికి గాని గమనించలేదు.

"రాకూడదండీ. మా అమ్మాయి ప్రసవించింది. మాకు మూడు రోజులు పురుడు" అన్నారు.

"తమరికి అమ్మాయి ఉందా అండీ? ఎక్కడిచ్చారండీ?"

"మన కొల్లేటి కుర్రాడికేనండీ. కాపురం రంగంలో."

నేను పెరట్లోకి వెళ్ళి మా ఆడపడుచుకి వేణ్ణీళ్ళు పెట్టాను.