పొగ పోయే దారి

నా చిన్నప్పుడు మా ఇంట్లో శనివారం అంటే అలుకు రోజు. మర్నాడు చర్చికి వెళ్లాలి కాబట్టి ముందు రోజే ఇల్లంతా శుభ్రమైపోవాలి. అమ్మ ఎర్రమట్టిలో పేడ కలిపి అరుగు, వంటగది నేల, ఆఖరికి పొయ్యి కూడా నున్నగా అలికేది. నర్సీపట్నం మొత్తం మీద అంత అందమైన పొయ్యి ఇంకెవరింట్లోనూ లేదని నా గట్టి నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను. కాదనేవాళ్లెవరూ మిగల్లేదు కూడా.

అది మామూలు పొయ్యి కాదు. మా మామ్మకి, అంటే నాన్న తల్లికి, ఆయాసం. పాత పొయ్యి పొగకి దగ్గి దగ్గి సొమ్మసిల్లిపోయేది. ఊళ్లోకి పొగలేని పొయ్యిలు కొత్తగా వచ్చిన రోజుల్లో నాన్న ఒకటి కట్టించాడు. ముందు అన్నానికి ఒక పొయ్యి, దాని వెనక కూరకి ఇంకొకటి, ఆ వెనక పొగ పోవడానికి ఒక కన్నం, అక్కణ్ణించి ఇంటికప్పు దాటి పైకి సిమెంటు గొట్టం. అది వచ్చాక మామ్మ మళ్లీ పాడటం మొదలుపెట్టింది. ఆదివారం పాడబోయే కీర్తనని వారమంతా పొయ్యి ముందు కూర్చుని పాడుకునేది. గొప్ప గొంతేమీ కాదు, పైకి వెళ్తే జీర వచ్చేది. నేను నిద్ర కళ్లతో వచ్చి ఆమె వీపుకి చెంప ఆనించి కూర్చునేదాన్ని. అప్పుడా పాట ఆమె వీపులోంచి వినిపించేది. ఆ వెచ్చదనం మళ్లీ ఎక్కడా దొరకలేదు నాకు.

ఆ పొయ్యి వల్ల నాకు వేరే లాభం కూడా ఉండేది. తాతయ్య జీడి తోట నుంచి వస్తూ చిలగడదుంపలు తెచ్చేవాడు. మామ్మ పాడుతూనే, కూర పొయ్యి మీంచి చెయ్యి పెట్టి, ఒక దుంపని ఆ వెనక కన్నంలోంచి లోపలికి తోసేది. గొట్టం అడుగున ఉన్న గుంటలో పడి, వంట పూర్తయ్యేసరికి అది కమ్మగా మగ్గేది.

ఏడాది తిరిగేసరికి పొగ మళ్లీ వచ్చింది. మొదట కళ్లు మండాయి, తరవాత మామ్మకి దగ్గు పట్టుకుంది. పాట చరణం మధ్యలో తెగిపోయేది. పొయ్యి ఎక్కడో బీట వేసి పొగ వదులుతోందనుకుని అమ్మ మరింత మందంగా, లోపల చెయ్యి అందినంత వరకూ అలికేది. పాపం, అత్తగారి కోసం ఆమె పడని తాపత్రయం లేదు. ఎంత అలికినా పొగ ఎక్కువైందే గానీ తగ్గలేదు. ఒక ఆదివారం మామ్మ చర్చికి లేవలేకపోయింది. ఆ రోజే నాన్న తేల్చేశాడు. అనకాపల్లిలో మా అత్త ఇంట్లో గ్యాసు ఉంది, మామ్మ ఇకమీదట అక్కడే ఉంటుంది, వారం ఆగి పై సోమవారం బస్సెక్కించాలని. నా ప్రపంచం అక్కడితో ఆగిపోయింది. మామ్మ నా జడ అల్లుతూ ఒకటే మాట అంది.

"నిన్ను ఒగ్గీసి ఎల్లాలంటే నాకు కాళ్లు రాడం నేదే."

శనివారం పొద్దున్న నాన్న బజారుకి వెళ్లాడు. అమ్మ అలుకుకి మట్టి కలుపుతోంది. వంటగది గడప ఎన్నడూ తొక్కని తాతయ్య వచ్చి నా చేతిలో ఆ ఏటి మొదటి దుంప పెట్టి, మామ్మ వెళ్లేలోగా ఒకటి కాల్చుకోమన్నాడు. తీసుకెళ్లి కన్నంలో పెడితే వెళ్లలేదు. పెద్ద దుంపేమీ కాదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఆఖరికి ఏడుపు అందుకున్నాను. తాతయ్య గుమ్మంలో నిలబడి, ఎటో చూస్తూ అన్నాడు.

"దుంప పెరిగిపోనాదేటే, కన్నం సన్నబడిపోనాదేటే? ఓపాలి మీ అమ్మని సూడమను."

అమ్మ మట్టి చేత్తోనే కన్నాన్ని తడిమింది. వేళ్లు తప్ప చెయ్యి దూరలేదు. అట్లకాడ పెట్టి గీకితే ఎండిన అలుకు మడత కాజా పొరల్లా ఊడి వచ్చింది. ఏడాది శనివారాలన్నీ అక్కడే పేరుకున్నాయి. ఆ వెనక, గొట్టం మొదట్లో మసి గడ్డకట్టి ఉంది. అమ్మ అలాగే చతికిలబడిపోయింది.

"నేనే మూసీసినానా మావయ్యా?"

"మూసినావో నేదో నాకేటి తెలుసు. పిల్లకి దుంప కావాల, అంతే," అన్నాడు తాతయ్య.

ఆయనకి తెలుసు. తోట నుంచి వస్తూ మా గొట్టంలోంచి పొగ రావడం లేదని ఆ వారంలోనే గమనించాడట. నాన్న భోజనం చేస్తుండగా ఆ మాట అనేస్తే అమ్మ ముఖం ఎక్కడ పెట్టుకునేది? అందుకని నాన్న ఇంట్లో లేని శనివారం దాకా ఆగాడు. ఆ తరవాత కొబ్బరి పీచు ముద్దని చేద తాడుకి కట్టి, కప్పెక్కి గొట్టంలోకి వదిలాడు. కింద నేనూ అమ్మా మసితో నల్లగా అయిపోయాం. అంత మసి చూసి మామ్మ నవ్వింది.

మామ్మ అనకాపల్లి వెళ్లలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో శనివారం ముందు లోపల గీకి, తరవాతే పైన అలికేవారు. నెలకోసారి గొట్టంలో పీచు ఆడించేవారు. మామ్మ మరికొన్నేళ్లు ఆ పొయ్యి ముందే పాడింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, వాళ్లూ లేరు. మా కోడలికి ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు ముందు చేతికి దుంపలాంటిది ఏమైనా దొరుకుతుందా అని వెతుక్కుంటాను. చాలాసార్లు దొరకదు, నోరు జారేస్తాను. కానీ శనివారం మాత్రం తప్పను. గ్యాసు స్టవ్వు బర్నర్లు విప్పి, కన్నాల్లో పిన్నీసు పెట్టి పొడిచి, కడిగి ఆరబెడతాను. మళ్లీ బిగించి వెలిగించాక నీలం మంట సమంగా లేస్తుంది. పొగ లేదు, దగ్గు లేదు. కాసేపు అక్కడే నిలబడతాను, మామ్మ పాట ఎత్తుకుంటుందేమోనని.