ఈకల కిరీటం కింద మా బావ

మా బావ ముఖం మీలో చాలామంది చూసే ఉంటారు. రైలు కంపెనీవాళ్ళు ఏటా పంచే కేలెండర్లలో, తల మీద ఈకల కిరీటం పెట్టుకుని, కొండ అంచున గుర్రమెక్కి, కుంగిపోతున్న పొద్దుని చూస్తూ ఉంటాడే, ఆ నాయకుడు ఆయనే. ఒక ఏడు సియూ తెగ నాయకుడు, మరో ఏడు అపాచీ వీరుడు, ఇంకో ఏడు చెయెన్ ముసలాయన. కింద అక్షరాలు మారేవి గానీ ముఖం మాత్రం మా అక్క మొగుడు అబెనీసియో బావదే. ఆయన జన్మలో యుద్ధం చూడలేదు. దొరలు అందరినీ కలిపి రెడిండియన్లు అంటారు గానీ, మాది మొక్కజొన్న, చిక్కుడు పండించుకునే ఊరు. గుర్రం పరిగెత్తితే బావకి గుండె దడ. తన ముసలి గుర్రాన్ని కూడా పక్కన నడిపించుకు పోయేవాడు తప్ప ఎక్కేవాడు కాదు.

పోయినవాళ్ళ గురించి ఇలా కూర్చుని మాట్లాడకూడదు మా వాళ్ళలో. నాలుగు రోజులు ఏడవాలి, తర్వాత వాళ్ళ దారిన వాళ్ళని వదిలేయాలి. పేరెత్తితే వాళ్ళ నడక ఆగిపోతుందంటారు. ఆగితే ఆగనీ. నాకు డెబ్బై దాటాయి, ఇప్పుడు నన్ను ఎవరేం చేస్తారు? చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ప్రూయిట్ దొర తూర్పు నుంచి ఛాతీ జబ్బుతో వచ్చి, మా గాలి పడిందని పక్క పట్నంలో ఉండిపోయిన మనిషి. మా వాళ్ళని కూలికి పిలిచి ఎదురుగా నిలబెట్టి, ఆ కేలెండర్లకీ హోటళ్ళకీ బొమ్మలు వేసేవాడు. చెడ్డవాడని అనను. ఎండలో నిలబెడితే నీళ్ళిచ్చేవాడు, కూలీ ఎగ్గొట్టేవాడు కాదు. కానీ ముప్ఫై ఏళ్ళు మమ్మల్ని చూసి చూసి కూడా మాలో ఒక్కరినీ చూడలేదు. ఆయన గదిలో పెద్ద పెట్టె ఒకటి ఉండేది. దాని నిండా ఉత్తరాది తెగలవాళ్ళ ఈకలు, పూసల చొక్కాలు, ఎవరిదో ఎముకల హారం. వెళ్ళినవాడికి అందులోంచి ఏదో ఒకటి తీసి తొడిగేవాడు. "ఇవి మావి కావు దొరా, మేం దుప్పటి కప్పుకుని తిరిగేవాళ్ళం" అని బావ మొదట్లో చెప్పి చూశాడట. కొనేవాళ్ళకి ఆ తేడా తెలియదులే, తల కాస్త పైకెత్తు అన్నాడట దొర. కేలెండర్లో ఉన్న ఆ గుర్రం కూడా గుర్రం కాదు. చెక్క దూలం మీద వేసిన జీను. దాని మీద పూటంతా కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే సాయంత్రానికి నడుము పట్టేసేది, మూడు మైళ్ళు నడిచి ఇంటికి రావాలి.

ఊళ్ళో మగవాళ్ళు దారి కాచి ఏడిపించేవాళ్ళు. ఏం నాయకా, ఈవేళ ఎన్నిసార్లు చచ్చిపోయావు అని అడిగితే, "రెండుసార్లు, మధ్యలో రొట్టె తిన్నాను" అనేవాడు బావ. అన్నీ చచ్చిపోయే బొమ్మలే మరి. దొరలకి మేం బతికి ఉంటే బొమ్మ అమ్ముడు పోదు.

ఇక అసలు సంగతి. మా అక్క సెవెరియానాకి పెళ్ళయిన మూడో ఏడు, నాకు పంతొమ్మిది. వాగు ఒడ్డున కుండ ముంచుతున్న ఆడమనిషి బొమ్మ కావాలన్నాడు దొర. అక్క రెండు రోజులు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. మూడో రోజు పొద్దున్నే ఆమెకి కడుపు పోయింది. మూడో నెల. బావ అప్పుడు కొండ మీద గొర్రెలతో ఉన్నాడు. ఆమెకి నెల తప్పిన సంగతే ఆయనకింకా తెలియదు, దిగి రాగానే చెబుదామనుకుంది పిచ్చిది.

ఆ మర్నాడే దొర దగ్గర్నుంచి కబురు. ముఖం ఒక్కటే మిగిలిపోయింది, బొమ్మ శనివారం రైలెక్కాలి, రమ్మను అని. అక్క గొర్రెతోళ్ళ పక్క మీంచి లేవలేని స్థితిలో ఉంది. అయినా దాని నోరు ఊరుకోదు కదా. "నువ్వెళ్ళవే. నా దుప్పటి కప్పుకో. ఆ మనిషికి తేడా తెలిస్తే నా పేరు మార్చుకుంటా" అంది.

మా ఇద్దరికీ పోలికే లేదు. అక్కది మా నాన్న కోల ముఖం, నాది మా అమ్మ గుండ్రటి ముఖం. వెళ్ళి అదే చోట, అదే కుండ పట్టుకుని కూర్చున్నాను. దొర రెండు రోజులు నా ముఖంలోకి చూస్తూ గీశాడు. సెవెరియానా, గడ్డం కాస్త దించు అన్నాడు, దించాను. ఆయనకి తెలియలేదు. వచ్చి చెబితే అక్క నవ్వి నవ్వి, కడుపు నొప్పికి ఏడ్చింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, మీ బావకి ఇది ఎప్పుడూ చెప్పకు, నువ్వెందుకు వెళ్ళావని అడిగితే బిడ్డ సంగతి చెప్పాల్సి వస్తుంది, ఆయన తట్టుకోలేడు అంది. ఒట్టు వేయించుకుంది. వాళ్ళకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ఆ ఒట్టు అలాగే ఉండిపోయింది.

బొమ్మ రైలెక్కి ఎక్కడో పెద్ద హోటలు గోడకి చేరిందన్నారు. మేం మరిచిపోయాం.

మరో పదమూడేళ్ళకి గాలి జ్వరం మా ఊరి మీద పడింది. ఇంటికొకరు పోయారు. మా ఇంట్లో అక్క పోయింది. బావ పద్ధతి తప్పలేదు. నాలుగు రోజులు ఏడ్చాడు, ఆమె బట్టలు పంచిపెట్టాడు, ఆమె తాగిన గిన్నె పగలగొట్టాడు. మా ఊళ్ళో ఫోటో పెట్టెలు రానివ్వరు కాబట్టి ఆమెది చిన్న కాగితం ముక్క కూడా లేదు. అప్పట్లో అది మంచికే అనుకున్నాం.

ఆ చలికాలమే నేను ఆయనింట్లో మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాను. నెలన్నరగా ఆయన సరిగ్గా తినడం లేదు, వంటకి నేనే వెళ్ళేదాన్ని. ఉన్నట్టుండి, చేతిలో కంకి కింద పెట్టకుండానే అన్నాడు.

"క్రుసీతా, మీ అక్క తిట్లన్నీ గుర్తున్నాయి. గొంతు గుర్తుంది. ముఖం రావట్లేదే. కళ్ళు మూసుకుంటే దుప్పటి కనపడుతుంది, లోపల ఎవరూ ఉండరు."

అందరికీ అలాగే అవుతుంది బావా, అది మంచిదే, పెద్దలు చెప్పింది కూడా అదే అన్నాను. ఆయన వినలేదు. దొర వేసిన బొమ్మ ఉంది కదా, ఒక్కసారి చూస్తే చాలు అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. చెబితే ఒట్టు తప్పడం ఒకటి, పుట్టకుండా పోయిన బిడ్డ గురించి పెళ్ళాం పోయిన మగవాడికి చెప్పడం ఒకటి. పైగా ఆ మాట అనేశాక ఆ రోజు ఆయన రెండు రొట్టెలు తిన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

దొరని అడిగాడు. హోటలువాళ్ళు బొమ్మలు మార్చేటప్పుడు పాతవి వెనక్కి వస్తాయి, వస్తే తప్పకుండా చూపిస్తానన్నాడు దొర. ఆ ఒక్క మాట పట్టుకుని బావ పదమూడేళ్ళు ఆయన్ని వదల్లేదు. యాభై దాటాక కూడా చొక్కా విప్పి, ఒంటికి ఎర్ర రంగు పూయించుకుని, ఆ దూలం మీద కూర్చున్నాడు. మానేస్తే దొర తనని మరిచిపోతాడని భయం. ఒక వసంతంలో ఊరంతా కాలువ పూడిక తీసే రోజున కూడా దొర దగ్గరికే పోయాడు. మా ఊళ్ళో అంతకన్నా తప్పు లేదు. పెద్దలు పిలిపించి నాలుగు రోజులు ఒంటరిగా తవ్వించారు. నీ ముఖం ముక్కలు ముక్కలుగా పరాయి గోడలకి పోతోంది, పైగా వెళ్ళిపోయినదాన్ని వెనక్కి లాగుతున్నావు అని మా మేనమామ ఎవులోహియో అందరి ముందూ తిట్టాడు. బావ తల వంచుకుని తవ్వాడు. ఐదో రోజు మళ్ళీ పట్నం దారి పట్టాడు.

నేను ప్రతి ఏడూ ఆ బొమ్మ తగలబడిపోవాలని మొక్కుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, అదే మొక్కు.

దేశమంతా బ్యాంకులు మూతపడుతున్న రోజుల్లో ఆ హోటలు కూడా మూతపడింది. బొమ్మలు పెట్టెల్లో వెనక్కి వచ్చాయి. దొర కబురు పంపాడు. బావ ఆ రోజు తల రుద్దుకుని స్నానం చేశాడు, జడలు మళ్ళీ మళ్ళీ అల్లుకున్నాడు, పెళ్ళిళ్ళకి కప్పుకునే దుప్పటి తీశాడు. మా వాకిట్లోకి వచ్చి నువ్వూ రా, మీ అక్కే కదా అన్నాడు. ఏ మొహం పెట్టుకుని రానని చెప్పను?

దారిలో చెప్పేద్దామనుకున్నాను. బావా అని రెండుసార్లు మొదలెట్టాను. ఆయన ఆగితే కదా. చూసినా గుర్తుపట్టలేనేమో, అదొక్కటే భయంగా ఉంది అని తనలో తను అనుకుంటున్నట్టు చెబుతూనే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి నాకంటే ముందు నడిచాడు. పట్నం వచ్చేసింది.

దొర బాగా ముసలివాడైపోయాడు. చెయ్యి వణుకుతోంది. పెట్టె మేకులు బావే ఊడదీశాడు. బొమ్మ గోడకి ఆనించారు. వాగు మాదే, కొండ మాత్రం మాది కాదు, ఎక్కడినుంచో తెచ్చి పెట్టాడు. మేం ఎప్పుడూ ఉండని తోలు గుడారం ఒకటి వెనక నిలబెట్టాడు. మధ్యలో అక్క దుప్పటి, అక్క కుండ. వాటి పైన నేను. పంతొమ్మిదేళ్ళ నేను, గుండ్రటి ముఖంతో, గడ్డం కాస్త దించి.

నాకప్పటికి ఊబకాయం వచ్చేసింది, ముందు పళ్ళు రెండు లేవు. దొర నన్ను చూశాడు, బొమ్మని చూశాడు, ఆయనకేం తట్టలేదు. బావ బొమ్మకి దగ్గరగా వెళ్ళాడు. గుర్తుపడతాడు, ఇప్పుడు నా వైపు తిరుగుతాడు, తిరిగి అడిగితే అంతా చెప్పేయాలి అనుకుంటూ నిలబడ్డాను. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడు.

"ఇదే. ఇలాగే ఉండేది. ఎలా మరిచిపోయానే?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు, మీ అక్కే కదూ?" అని అడిగాడు.

ఆయన కళ్ళలో ఆ సంతోషం చూశాక ఏ ఆడది నిజం చెబుతుంది?

"అక్కే బావా" అన్నాను.

ప్రూయిట్ దొర దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని బొమ్మని చూసి, కబురు పంపిన సంగతే మరిచిపోయినట్టు, మంచి ముఖం, ఎవరీమె అని అడిగాడు. నా భార్య అన్నాడు మా బావ, గట్టిగా.

ఆ రోజుతో ఆయన దూలమెక్కడం మానేశాడు. కాలువ పనికి అందరికంటే ముందు వెళ్ళేవాడు. ఆయన మరో పద్దెనిమిదేళ్ళు బతికాడు, ఎప్పుడైనా అక్క మాట వస్తే ఆ గుండ్రటి ముఖం, ఆ బుగ్గలు అని మురిసిపోయేవాడు. నేను కుండలో కూర కలుపుతూ ఊ కొట్టేదాన్ని. అలసట అంటే నాకు అప్పుడు తెలిసింది.

కోల ముఖం. నుదురు కొంచెం ఎత్తు. ఎడమ కనుబొమ మీద నూనె కాలిన మచ్చ. నవ్వితే పై చిగుళ్ళు కనపడేవి. రోజూ పొద్దున్నే ఇలా వరసగా చెప్పుకుంటాను, ఎందుకంటే మా అక్క ఎలా ఉండేదో తెలిసినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను. నిన్న మచ్చ ఎడమ వైపా, కుడి వైపా అని చాలాసేపు ఆలోచించాను.