స్టాంపు మీద సగం సంతకం

నా చిన్నప్పుడు, బంగారు గనులు సర్కారు చేతికొచ్చిన కొత్తలో, కేజీఎఫ్‌లో మా లైన్ ఇళ్ల పిల్లలందరికీ స్టాంపుల పిచ్చి. నాకైతే అది మరీ ముదిరింది. తపాలా స్టాంపులు అందరి దగ్గరా ఉండేవి. సండూరు సంస్థానం రెవెన్యూ స్టాంపు మాత్రం పక్కింటి తాతయ్య ఒక్కడి దగ్గరే ఉండేది. ఆయన గని ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, పుట్టింది సండూరులో. పటంలో చిటికెనవేలు పెడితే మూసుకుపోయేంత రాజ్యం, దానికీ ఒక రాజు, ఒక కచేరీ, సొంత స్టాంపులు! స్వాతంత్ర్యం వచ్చాక అంతా దేశంలో కలిసిపోయిందని తాతయ్య నవ్వుతూ చెప్పేవాడు.

బడిలో ప్రదర్శన ఉందని బతిమాలితే, ఆ స్టాంపు అంటించిన పాత రశీదును ఒక్కరోజుకు ఇచ్చాడు. పదిలమని రెండుసార్లు చెప్పాడు కూడా. నేను ఊరుకుంటానా? తపాలా స్టాంపులకు చేసినట్టే స్టాంపున్న మూలను గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టాను. స్టాంపు చక్కగా ఊడొచ్చింది. దాని మీది సిరా అంతా నీళ్లలో కలిసిపోయింది.

మళ్లీ ఎవరూ వాడకుండా, సంతకం సగం కాగితం మీద, సగం స్టాంపు మీద పడేలా చేస్తారని నాకేం తెలుసు? అసలు అది ఎవరి సంతకమో కూడా నేను చూడలేదు. అది తాతయ్య వాళ్లమ్మది. భర్త పోయాక కచేరీలో వేలిముద్ర వేయనని మొండికేసి, పేరు రాయడం నేర్చుకుని చేసిన సంతకం. ఆమె చేతిరాత ఇంకెక్కడా లేదు. ఊడిన స్టాంపు తీసుకెళ్లి చూపిస్తే తాతయ్య ఆ మాట చెప్పాడు, నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన అన్నం మెతుకులతో స్టాంపును ఉన్నచోటే అంటించి, కలం నా చేతికిచ్చి, పోయిన అక్షరాలేవో చెప్పి నన్నే రాయమన్నాడు.

“మా అమ్మకి రాసేది నేర్పించింది ఎవురనుకున్నావు? పక్కింట్లో నీ అంత పిల్ల ఉన్నింది, ఆ పిల్లే. ఇంగ ఏడ్సొద్దు, రాయి పాపా.”

రాశాను. మొదటి మూడక్షరాలు ఆమెవి, చివరి రెండూ నావి. వంకరలో మాత్రం ఇద్దరూ ఇద్దరేనని తాతయ్య పకపకా నవ్వాడు. ప్రదర్శనలో నాకు బహుమతి రాలేదు. వచ్చుంటే సిగ్గుతో చచ్చేదాన్ని.

ఇప్పటికీ ఏ పాత కాగితం చేతికొచ్చినా ముందు దాని మీది పేరు చదువుతాను. తెలియకపోతే ఎవరిదని అడుగుతాను. ఎవరో చెప్పాకే కళ్లద్దాలు సర్దుకుని స్టాంపు వైపు చూస్తాను.