తెల్లచీరతో ఒడ్డుకు

మా స్కూల్లో నాతో పాటు పాఠాలు చెప్పే స్నేహితురాలి పెళ్ళి అది. అనకాపల్లిలో వాళ్ళది తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళికొడుకుది పూడిమడక వైపు సముద్రపు ఒడ్డునున్న చిన్న పల్లె. ఇంట్లో మగవాళ్ళంతా చేపల వేటకు వెళ్ళేవాళ్ళే. ఇతనొక్కడే చదువుకుని మందుల కంపెనీలో పనికి కుదిరాడు. రోజూ ఒకే బస్సులో వెళుతూ వీళ్ళిద్దరూ ఒకరికొకరు పరిచయమయ్యారు.

రెండిళ్ళూ ఒప్పుకునేసరికి చాలా కాలం పట్టింది. అబ్బాయి మతం మారనన్నాడు కనుక చర్చిలో పెళ్ళి కుదరదని సంఘం పెద్దలు తేల్చేశారు. చివరికి పొద్దున్న అమ్మాయి ఇంటిముందు షామియానాలో పాస్టరుగారి ప్రార్థన, ఉంగరాలు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పల్లెలో తాళి అని మాట్లాడుకున్నారు.

అక్టోబరు నెల. పొద్దున్నే రేడియోలో వాయుగుండం కబురు చెప్పారు. పాస్టరుగారు బైబిలు చదువుతున్నంతసేపూ షామియానా గుడ్డ ఎగిరెగిరి పడుతూనే ఉంది. తాళ్ళు ఊడకుండా మగవాళ్ళు గుంజలు పట్టుకుని నిలబడ్డారు. నా స్నేహితురాలు తెల్ల పట్టుచీరలో, తలమీద సన్నని ముసుగుతో తలొంచుకుని కూర్చుంది. ఆ రోజు కనపడినంత అందంగా ఆమె నాకెప్పుడూ కనపడలేదు.

అబ్బాయి తరఫున పదిమంది కూడా రాలేదు. తల్లి అసలే రాలేదు. ఇంటి దగ్గర పనులున్నాయని చెప్పారు. అబ్బాయి బావ ఒకడే పెద్ద దిక్కుగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. భోజనాల దగ్గర అతని సెల్ మోగింది. వీధిలోకి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు కానీ ముద్ద ఎత్తలేదు.

"ఏటండీ, ఏమైంది?" అని నేనే అడిగాను.

"ఏటీ నేదండి. గాలెక్కువుందంతే," అన్నాడు నా వైపు చూడకుండా.

మధ్యాహ్నం అందరం బస్సెక్కాం. పెళ్ళికూతురూ, పెళ్ళికొడుకూ ముందు సీట్లో, నేనూ ఆమె తల్లీ వాళ్ళ వెనక. పల్లె చివర అబ్బాయి చుట్టాలింట్లో దిగి, చీర మార్చుకుని, పసుపుచీరలో అత్తవారింటికి వెళ్ళాలి. బస్సులో మొదట పిల్లలు పాటలు పాడారు. కొండకర్ల దాటేసరికి ఎందుకో అవీ ఆగిపోయాయి. అక్కడి ఆవలో, ఆ పెద్ద సరస్సులో, నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి. ఎప్పుడూ కనపడే పిట్టలు ఒక్కటీ లేవు.

అక్కడ మోటారు సైకిలు మీద ఎదురొచ్చిన మనిషి చెయ్యెత్తి బస్సు ఆపించాడు. పల్లె నుంచే వచ్చాడు. కిటికీ దగ్గరకొచ్చి పెళ్ళికొడుకుతో గొంతు తగ్గించి చెప్పాడు కానీ మాకు వినిపించింది.

"మీ సిన్నాన్న బోటు ఇంకా రానేదురా. తెల్లారగట్ల ఎల్లేడు. పెళ్ళికి ఐసు సేప ఎడతామేటి, తాజా వంజరం తెత్తానని ఎల్లేడు. ఊరంతా ఒడ్డునే ఉన్నారు. పిల్లని అటేపు తేకండి. ఎనక దారిన ఇంటికి తీసుకుపొండి."

"పిల్లనెందుకు తేకూడదు?" అని అడిగింది నా స్నేహితురాలు.

అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పల్లెలో షామియానా ఉంది, కుర్చీలున్నాయి, కట్టిన మావిడాకులున్నాయి. మనుషులు లేరు. బాజా వాళ్ళు డోళ్ళు నేలమీద పెట్టి అరుగు మీద ముడుచుకుని కూర్చున్నారు. కట్టెల పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, చూసే దిక్కు లేదు. అందరూ ఇసుకలో నిలబడి ఉన్నారు, మాకు వీపులు పెట్టి, సముద్రం వైపు చూస్తూ. పెళ్ళికొడుకు బస్సు ఆగీ ఆగకముందే దూకి ఒడ్డుకు పరిగెత్తాడు.

వెనక దారి సంగతి గానీ, చీర మార్చుకోవాలన్న సంగతి గానీ ఎవరికీ గుర్తు రాలేదు. నా స్నేహితురాలు కూడా దిగి అతని వెనకే నడిచింది. నేను చెయ్యి పట్టుకోబోయాను, అందలేదు.

ముందుగా చూసింది ఒక ముసలామె.

"ఓలమ్మా! తెల్లసీర కట్టుకుని ఒడ్డుకొచ్చీసిందే!" అని గుండెలు బాదుకుంది.

అప్పుడు తిరిగాయి ఆ వీపులన్నీ. ఎవరూ తిట్టలేదు. ఎవరూ మీదికి రాలేదు. చూశారంతే. వాళ్ళ కళ్ళల్లో ఆ తెల్లచీర ఏమిటో నాకప్పుడే అర్థమైంది. మాకది పెళ్ళిచీర. వాళ్ళకది మొగుడు పోయినవాళ్ళ చీర.

"పరాయి దేవుణ్ణి మొక్కిన పిల్లని తెత్తే గంగమ్మ ఊరుకుంటాదా?" అని ఇంకెవరో అన్నారు.

జనం మధ్యలోంచి పెళ్ళికొడుకు తల్లి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. కోడల్ని పైనుంచి కిందకి ఒకసారి చూసింది. తరవాత ఆమె మణికట్టు పట్టుకుని నీళ్ళ దగ్గరకు లాక్కుపోయింది. పెళ్ళికొడుకు అడ్డం రాబోతే "నువ్వుండరా!" అని అరిచింది. నీళ్ళలోకి తోసేస్తుందేమో అనుకున్నాను.

అంచుదాకా తీసుకెళ్ళి చెయ్యి వదిలింది.

"అడుగు," అంది. "నీ నోటితో అడుగు. ఆడు రావాలని అడుగు."

నా స్నేహితురాలు దేవుడికి తప్ప దేనికీ దణ్ణం పెట్టని మనిషి. ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. తల్లి వచ్చి కూతురి పక్కన తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. కూతురూ కూర్చుని, కళ్ళు మూసుకుని, పైకే ప్రార్థన చేసింది. గాలికి సగం మాటలు వినపడలేదు. "ప్రభువా" అన్నది వినపడింది, "మామయ్య" అన్నది వినపడింది. అలలు వచ్చి చీర తడిపిపోతున్నాయి. ఊరంతా వాళ్ళ వెనక నిలబడి ఉంది. ఆ బోటు రాకపోతే ఈమె ఇక్కణ్ణుంచి లేచి ఎటు వెళుతుందన్న ఆలోచన ఒక్కటే నాకు.

ముహూర్తం దాటిపోయింది. బాగా చీకటి పడ్డాక టెలిఫోన్ బూత్ నడిపే అతను కేకలు వేస్తూ వచ్చాడు. ఇంజను ఆగిపోయి బోటు కొట్టుకుపోతుంటే వేరే ఊరి వాళ్ళు తాడు కట్టి పాయకరావుపేట దగ్గర ఒడ్డుకు లాగారట. బోటులో ఉన్న ముగ్గురూ బతికే ఉన్నారు. చిన్నాన్నకు చెయ్యి విరిగింది.

ఏడుపులూ నవ్వులూ కలిసిపోయాయి. డోళ్ళు మోగాయి. ఇందాకటి ముసలామే వచ్చి నా స్నేహితురాలి గడ్డం పట్టుకుని, "నీ నోటి మాట గంగమ్మ ఇన్నాది తల్లీ," అంది. ఆ మాటకి అందరూ తలలూపారు. మర్నాడు చిన్నాన్న చేతికి కట్టుతో వచ్చి కూర్చున్నాకే తాళి కట్టారు.

నేను బయల్దేరుతుంటే నా స్నేహితురాలు పసుపుచీరలో గుమ్మం దాకా వచ్చింది. ముఖంలో పెళ్ళికళ లేదు.

"భయమేస్తందే," అంది.

"ఇంకేటి భయం? వచ్చేసేరు కదా!"

"ఈసారి వచ్చేరు. నేనడిగితే వచ్చేరని అంటన్నారు. ఎప్పుడూ రావాలి కదే."

తరవాత వాళ్ళు సబ్బవరంలో అద్దెకుండేవారు. అత్త మంచిదే. వాయుగుండం అన్నప్పుడల్లా ఫోను చేసి "పార్దన సేసేవా?" అని అడిగేది. ఈమె చేసేది, పడవలన్నీ చేరాయని తెలిసేదాకా అన్నం తినేది కాదు.

కొన్నేళ్ళకు ఒక వానాకాలం ఆ ఊరి బోటు ఒకటి నిజంగానే తిరిగి రాలేదు. అందులో వీళ్ళ ఇంటివాళ్ళు లేరు. ఆ రోజు నేను సబ్బవరంలోనే, ఆమె ఇంట్లోనే ఉన్నాను. అత్త ఫోను చేసింది. అటునుంచి ఏడుస్తున్న గొంతు నాక్కూడా వినపడింది.

"కొన్నాళ్ళు నువ్విటు రాకమ్మా," అంది. "నానేటీ అనను. ఊరోళ్ళే... నువ్వు రాకు."

నా స్నేహితురాలు "అలాగే అత్తా" అని ఫోను పెట్టేసి, పొయ్యి మీద అన్నం దించడానికి లోపలికి వెళ్ళింది.