రాగి మీద వెండి పూత

ఐటీ ఉద్యోగాలకు మంచి గిరాకీ ఉన్న రోజులవి. విదేశంలో, చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేస్తూ, టోవా పాయోలో ఒక సహోద్యోగితో కలిసి ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. అతనికి పాత నాణేల పిచ్చి. ఒకరోజు ఒక ముసలాయన షాపులో రోమన్ చక్రవర్తి బొమ్మ ఉన్న నల్లబడిన వెండి నాణెం కొని తెచ్చి, దాని కథ చెప్పాడు. నేను టీవీ చూస్తూ ఊ కొట్టాను.

దీపావళికి ముందు, వెండి కుందులు విభూతితో తోముతూ ఆ నాణేన్నీ తోమాను. తెల్లగా మెరిస్తే సంతోషిస్తాడనుకున్నాను. చక్రవర్తి ముక్కు, కిరీటం ఎర్రబడ్డాయి. అంతలో అతను ఆఫీసు నుంచి వచ్చాడు.

"మామా, షాపు అంకుల్ నిన్ను మోసం చేశాడు. ఇది రాగి," అన్నాను.

"రాగే రా. కొన్న రోజే చెప్పా కదా. యుద్ధాలకీ, సైనికుల జీతాలకీ చాలక చక్రవర్తులు వెండి తగ్గించుకుంటూ పోయారు. చివరికి రాగి మీద పల్చటి పూత మిగిలింది. అదే ఇన్ని వందల ఏళ్లు ఆగింది."

నా వేళ్లకున్న విభూతి వైపు చూశాడు. "నువ్వు తోమావా?"

"లేదు," అన్నాను.

అతను నాణేన్ని దూదిలో చుట్టి లోపల పెట్టేశాడు.

తోమడం తెలియక చేసిన పని. ఇష్టంగా చెప్పినప్పుడు వినకపోవడం, ఏ పాపం ఎరగని ముసలాయన మీద నింద వేయడం, తోమి కూడా లేదనడం తెలిసి చేసినవి. మరో ఏడాది కలిసే ఉన్నాం. అతను నాణేలు కొంటూనే ఉన్నాడు. నాకు ఒక్కటీ చూపించలేదు. అడిగే ముఖం నాకూ లేదు.